నాయిన గొంతు మీద ‘ఆనంద్’ పాటలు

2023 జనవరిలో ‘ఒక్కడు’ను మళ్లీ థియేటర్లలో వేసినప్పుడు మా అక్క బిడ్డ హాస్టల్ దోస్తులతో కలిసి పోయి చూసొచ్చింది. ఆ సినిమా మొదటిసారి వచ్చిన 2003 సంక్రాంతికి అది ఇంకా పుట్టలేదు. మా అక్క నిండు కడుపుతో పురుటికి రాజోలి వచ్చి ఉంది. సినిమా అయిపోగానే ఫోన్ చేసింది.

“మామా, కొండారెడ్డి బురుజు సీన్ల లొల్లి నువ్వు వినాలె. ఫస్ట్ టైం నువ్వు యాడ చూసినవ్?”

కర్నూల్లో చూశాను. మా రాజోలి వాళ్లకు సినిమా అంటే కర్నూలు, చీరల లెక్క అంటే గద్వాల. పెదనాయిన కొడుకులతో కలిసి పోయాను. సినిమా వదిలాక నలుగురం నడుచుకుంటూ బురుజు దాకా పోయాం. సినిమాలో కనిపించినంత పెద్దగా ఉందా లేదా అని అక్కడ నిలబడి కొట్లాడుకున్నాం. ఆఖరి బస్సు పోయింది. ఇదంతా చెబితే నవ్వి, “అయితే నాకొక లిస్టు పెట్టు మామా. 2000 నుంచి 2010 దాంక. సిన్మాలు, బుక్స్, పాటలు, నాటకాలు, ఏవైనా సరే. ఆన్‌లైన్ల ఉన్న లిస్టులన్నీ ఒక్క తీర్గనే ఉన్నయ్. నువ్వు చూసినవి, నువ్వు చదివినవి పెట్టు” అంది.

ఆ సాయంత్రమే మెట్రోలో నిలబడి పది నిమిషాల్లో టైప్ చేశాను. నువ్వే కావాలి, మనసంతా నువ్వే, ఆర్య, అతడు, బొమ్మరిల్లు, హ్యాపీడేస్, మగధీర. పంపబోయి ఆగాను. వీటిలో తప్పు సినిమాలేం లేవు. ‘అతడు’ టీవీలో వస్తుంటే ఇప్పటికీ ఛానల్ మార్చను. కానీ ఈ జాబితా ఎవరైనా వేస్తారు. విజయవాడలో పెరిగినవాళ్లు వేస్తారు, డల్లాస్‌లో ఉన్నవాళ్లు వేస్తారు. అందులో రాజోలి లేదు, వనపర్తి లేదు, నాగర్‌కర్నూల్ లేదు. మా నాయిన లేడు.

నాయిన సంగతి కొంచెం ఆగి చెబుతాను.

జాబితాలు వేయడం మా దిక్కు చిన్న పనేం కాదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి, 354 మంది కవుల్ని వరుసగా కూర్చోబెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారిది ఈ గద్వాల ప్రాంతమే. 1952లో ఆయన శాసనసభకు గెలిచింది వనపర్తి నుంచి. ఆ సంచికను మొదటిసారి తిరగేసినప్పుడు నేను పద్యాలు చదవలేదు, మా చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఎక్కడున్నాయా అని వెతుక్కున్నాను. లేరన్నవాళ్ల ముందు పెట్టడానికి వేసిన జాబితా అది. మన జాబితాలకు అంత బరువు అక్కర్లేదు. కానీ ఒక పిల్ల ‘నువ్వు చూసినవి’ అని అడిగినప్పుడు నేను చూసినవే చెప్పాలి కదా. టైప్ చేసింది తీసేశాను. మళ్లీ రాయడానికి ఏడాది దాటింది.

2000లో నాకు పదకొండేళ్లు. ఆ పదేళ్లు మాకు కరువుతో మొదలై వరదతో అయిపోయాయి.

మొదట పాట. అది నాగర్‌కర్నూల్‌లో దొరికింది.

2001లో అక్కను అక్కడికి ఇచ్చారు. బావ బడిలో విద్యావాలంటీరు, మిగతా పొద్దంతా పాటలు. ఏ సంఘం మీటింగైనా ముందు బావ పాట ఉండాల్సిందే. సెలవులకు పోతే నన్ను సైకిల్ వెనక ఎక్కించుకుని తిప్పేవాడు. 2002లో ‘కుబుసం’ సినిమా వచ్చింది. బావ నన్ను తీసుకుపోయింది అందులో ఒక్క పాట కోసం. ‘పల్లె కన్నీరు’ అని అందరూ పిలుచుకునే ఆ పాట రాసిన గోరటి వెంకన్నది తెలకపల్లి మండలం గౌరారం. మేము కూర్చున్న హాలుకు దూరమేం కాదు. “మన పక్కూరాయన రాసిండు” అని బావ టికెట్లు చింపే అతనికి కూడా చెప్పాడు.

సినిమా ఎలా ఉందంటే నేను చెప్పలేను. శ్రీహరి ఉన్నాడు. కథ సగం మర్చిపోయాను. గుర్తున్నదల్లా ఆ పాట మొదలవగానే హాల్లో ఈలలు ఆగిపోవడం. అప్పుడు ఆ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు బొంబాయిలోనో పుణెలోనో ఉన్నారు. బావ తమ్ముడు కూడా గుంపు మేస్త్రి వెంట పోయి ఎనిమిది నెలలైంది. అడ్వాన్సు తీసుకుని పోయినవాడు లెక్క తెగేదాకా రాకూడదు. ఇంట్లో చావైనా సరే, మేస్త్రి ఒప్పుకోవాలి. దేశంలో యాడ డ్యాం కట్టినా, యాడ కాలువ తవ్వినా పాలమూరు లేబరే ఉంటారని గొప్పగా చెప్పేవాళ్లు ఇప్పటికీ కనపడతారు. కృష్ణా తుంగభద్రలు రెండూ ఒరుసుకుంటూ పోయే జిల్లా మనుషులు ఇంకెక్కడికో పోయి కాలువలు తవ్వుతున్నారంటే అందులో గొప్ప ఏముందో నాకైతే అర్థం కాలేదు. ఆ పాట అయిపోయాక మా వెనక వరసలో ఒకామె కొంగుతో ముక్కు తుడుచుకుని, పక్కనున్న పిల్లాడిని ఊరికే ఒక దెబ్బ కొట్టింది. వాడేం చేయలేదు. అది మాత్రం బాగా గుర్తుంది.

ఊరికి వస్తూ ఆ కేసెట్ తెచ్చి నాయినకు ఇచ్చాను. మా నాయిన నేతగాడు. గుంత మగ్గం మీద గద్వాల చీరలు నేసేవాడు. ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు. మగ్గం పక్కన గూట్లో టేప్‌రికార్డర్ పొద్దుగాల నుంచి నడుస్తూనే ఉండేది. నాడె అటూ ఇటూ పోయే చప్పుడు మీద పాట వినడం అలవాటైనవాళ్లకు చప్పుడు లేకుండా వింటే ఏదో తక్కువైనట్టు ఉంటుంది. ఆ పాటలో కులవృత్తులన్నీ వరుసగా వస్తాయి, మగ్గం కూడా వస్తుంది. నాయిన రెండుసార్లు వెనక్కి తిప్పి విని, “మగ్గానికేమైందిరా, బాగనే ఉంది. అయ్యేదంత కూలీకే అయ్యింది” అన్నాడు. కానీ కేసెట్ తీయలేదు. రెండు నెలలు అదే.

కాబట్టి నా జాబితాలో మొదటిది గోరటి వెంకన్న. 2021కి ‘వల్లంకి తాళం’కు సాహిత్య అకాడమీ వచ్చాక ఆయన పేరు తెలియనివాళ్లు లేరు. నేను చెప్పేది మాత్రం పుస్తకం తర్వాత తెరవమని. ముందు ఆయనే పాడిన వీడియోలు చూడండి. ఆ దశాబ్దం చివర్లో టీవీలో వచ్చిన ‘రేలా రే రేలా’ ముక్కలు దొరుకుతాయి, వాటిలో ఆయన కుర్చీలో ఉండలేక లేచి ఆడడం కనిపిస్తుంది. ఆ పాట కాళ్లతో రాసింది. అచ్చులో చూస్తే సగమే అందుతుంది.

నాగర్‌కర్నూల్‌లోనే ఇంకొకటి. సంతలో ఒకాయన కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న కథ పాడుతున్నాడు. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన పాలమూరు వీరుడు సాయన్న. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, పన్నెండు మెట్లు. నేను ఆ వాద్యాన్ని చూడడం అదే మొదలు. బావ పది రూపాయలిచ్చాడు, అప్పటికి అది పెద్ద నోటే. పేరు అడగలేదు. పేరు అడగాలని మా ఇద్దరికీ తట్టలేదు. తర్వాత చాలా ఏళ్లకు ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో ఆ మెట్ల చప్పుడు విని ఉలిక్కిపడ్డాను. అది పాడిన దర్శనం మొగులయ్యది లింగాల మండలం అవుసలికుంట, మా బావ వాళ్ల జిల్లాయే. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆనాడు సంతలో పాడింది ఆయనే అని నేను అనడం లేదు. ఆ రోజుల్లో అలా పాడుతూ తిరిగినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల పాటలు ఏ జాబితాలోకీ ఎక్కవు, లింకు ఉండదు కాబట్టి.

ఇక నాటకం. ఇక్కడే నాకు కష్టం.

2001లో మా ఊళ్లో వానల్లేవు. వానలు పడాలంటే విరాటపర్వం ఆడాలని పెద్దలు అన్నారు. కానీ మా ఊరి నాటకం జట్టుకు వచ్చింది ఒక్క ‘శ్రీకృష్ణ రాయబారం’. విరాటపర్వం నేర్చుకోవడానికి నాలుగు నెలలు పడుతుంది, అప్పటికి వానాకాలమే అయిపోతుంది. రెండు రోజులు పంచాయతీ నడిచి, ఉద్యోగపర్వం విరాటపర్వానికి పక్కదే కదా, వరుణుడు అంత పట్టించుకోడులే అని తేల్చారు. మా నాయిన కృష్ణుడు. అర్జునుడు మగ్గాల వీధిలోనే మా ఎదురింటాయన. దుర్యోధనుడు లారీ డ్రైవర్. ద్రౌపదికి కర్నూలు నుంచి ఆర్టిస్టును మాట్లాడారు. హార్మోనిస్టు ఆలంపురం నుంచి వచ్చాడు.

నాయిన ఐదో తరగతి కూడా దాటలేదు. అయినా ఆ పద్యాలన్నీ వచ్చు. ఎలా వచ్చాయంటే, మగ్గం మీదే. తొక్కుడు పలక తొక్కేటప్పుడు ఒక పాదం, నాడె తిరిగి వచ్చేసరికి ఇంకో పాదం. ఆ పద్యాలు రాసిన తిరుపతి వెంకటకవులు ఎప్పుడో నూరేళ్ల కింద గద్వాల, వనపర్తి సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసి సన్మానాలు పొంది వెళ్లారని నాకు చాలా తర్వాత తెలిసింది. ఆ కోటల్లో పండితుల ముందు పద్యం చెప్పినవాళ్ల మాటలు తిరిగి తిరిగి మగ్గం గుంతలోకి వచ్చి కూర్చున్నాయి. దారిలో ఎంతమంది నోళ్లు దాటి వచ్చాయో.

ఆ రాత్రి పదింటికి మొదలైన నాటకం తెల్లారి కోడి కూసేదాకా నడిచింది. మొహానికి అర్దళం, నెత్తిన అట్టతో చేసిన కిరీటం. పడక సీన్లో నాయిన కళ్లు మూసుకుని పడుకుంటే నిజంగానే నిద్రపోయాడేమోనని మా అమ్మకు భయం, ఆ రోజు పగలంతా చీర దించి ఉన్నాడు మరి. పద్యం ఎత్తుకున్నాక ఇంకేం భయం లేదు. రాగం తీస్తూ ఒక చోట ఆపేవాడు. జనం ఊపిరి బిగబట్టాక, ఇంకా కొంచెం ఆగి, అప్పుడు దించేవాడు. వన్స్‌మోర్‌లు, మధ్యలో మైకులో చదివింపులు. ‘ఫలానా వారు కృష్ణుని వేషానికి పదకొండు రూపాయలు’ అని చదివినప్పుడల్లా నాటకం ఆగాలి, కృష్ణుడు దండం పెట్టాలి. ఇప్పటివాళ్లకు ఇది చిరాకుగా ఉండొచ్చు. నాకు ఆ రాత్రి అది కూడా నాటకంలో భాగంలాగే ఉండేది. మైక్‌సెట్ ఆయన తొంభై నిమిషాల ఖాళీ కేసెట్ పెట్టి నాయిన పద్యాలు రెండు వైపులా రికార్డు చేసి ఇచ్చాడు. నలభై రూపాయలు తీసుకున్నాడు.

వాన పడలేదు. ఆ మాట కూడా చెప్పాలి.

అమ్మాయీ, రాయబారం వినాలంటే పీసపాటి నరసింహమూర్తి పాడింది వెతుకు, షణ్ముఖి ఆంజనేయరాజు పాడింది వెతుకు. రెండూ వినాలి. ఇద్దరికీ కృష్ణుడు ఒక్కడే కాదని తెలుస్తుంది. కానీ నేను చూసిన రాయబారం అవి రెండూ కావు. అది నీకు వినిపించలేను, ఎందుకంటే దాన్ని చెరిపింది నేనే.

2004లో వనపర్తి పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. సంస్థానం రాజుల ప్యాలెస్‌లో నడిచే కాలేజీ అది. అంత ఎత్తు గదుల్లో డ్రాయింగ్ బోర్డులు వేసుకుని గీతలు గీసేవాళ్లం, గోడల మీద పావురాలు. ఒక సీనియర్ గదిలో కంప్యూటర్ ఉండేది, హైదరాబాదు నుంచి సీడీలు వచ్చేవి. మా అసలు చదువు అక్కడే నడిచింది. చంద్రశేఖర్ యేలేటి ‘ఐతే’ అక్కడే చూశాను. పెద్ద హీరో లేకుండా నడిచే తెలుగు సినిమా ఉంటుందని అప్పటిదాకా తెలియదు. ఇంద్రగంటి మోహనకృష్ణ మొదటి సినిమా ‘గ్రహణం’ అక్కడే చూశాను. చలం ‘దోషగుణం’ కథ. ఒక ఇంట్లో అనుమానం ఎలా మెల్లగా కూర్చుంటుందో చూపించే సినిమా. చూస్తున్న పదిమందిలో నలుగురు మధ్యలో లేచి పోయారు. మిగిలినవాళ్లం ఆ రాత్రి మెస్సులో మాట్లాడుకోలేదు. ఆ తర్వాత నేను వనపర్తి గ్రంథాలయంలో చలం కోసం అడిగితే, అక్కడ కూర్చునే పెద్దాయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. ఈ పదేళ్ల నుంచి ఒకే ఒక్క సినిమా చెప్పమంటే ‘గ్రహణం’ చెబుతాను. మిగతావి నువ్వు ఎలాగూ చూస్తావు.

‘ఆనంద్’ కూడా అక్కడిదే. శేఖర్ కమ్ముల సినిమా కంటే ముందు నన్ను పట్టుకున్నవి కె.ఎం. రాధాకృష్ణన్ పాటలు. కర్నాటక రాగాల్లోంచి వచ్చి, ఎక్కడా బరువు చూపించకుండా నడిచే పాటలు. దోస్తు దగ్గర కేసెట్ ఉంది. సంక్రాంతికి ఇంటికి పోతూ అడిగి తెచ్చుకున్నాను, రికార్డు చేసుకుని తిరిగి ఇస్తానని. మైక్‌సెట్ షాపులో రెండు కేసెట్లు పట్టే డెక్కు ఉంది. ఖాళీ కేసెట్ కొనడానికి డబ్బుల్లేవు. నాయిన గూట్లో చూస్తే పేరు రాయని కేసెట్ ఒకటి కనపడింది. అట్ట ముక్క మీద రాసిన అక్షరాలు ఎప్పుడో పోయాయి. ఏదో పాతది అనుకున్నాను. తీసుకుపోయి ఒక వైపు ‘ఆనంద్’ ఎక్కించుకొచ్చాను.

ఇంటికి వచ్చి మగ్గం పక్కన పెట్టాను, సంతోషంగా. నాయిన నేస్తూ విన్నాడు. పాటలు అయిపోయాయి. ఆ సినిమా పాటలకు నలభై అయిదు నిమిషాలు పట్టదు కదా. కొంచెం కర్ర్ మని చప్పుడొచ్చి, ఉన్నట్టుండి నాయిన గొంతు. రాగం చివర, సగం నుంచి. మూడు నాలుగు నిమిషాలు. తర్వాత జనం ఈలలు, టక్కున ఆగిపోయింది.

నాడె ఆగింది. నాయిన కాసేపు గూటి దిక్కు చూశాడు.

“పాటలు బాగున్నయ్‌రా” అన్నాడు. మళ్లీ నేయడం మొదలుపెట్టాడు.

తిట్టి ఉంటే నాకు ఇంత కాలం గుర్తుండేది కాదేమో. రెండో వైపు బాగానే ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత రోజూ ఆ కేసెట్ వినేవాడు. ‘ఆనంద్’ పాటలు, తర్వాత తన గొంతు తోక. కొన్నాళ్లకు పాటలు కూడా నోటికి వచ్చేశాయి, నేస్తూ పాడేవాడు, మాటలు తప్పుతప్పుగా. ఇప్పటికీ నాకు ఎక్కడైనా ఆ సినిమా ఆఖరి పాట అయిపోతే చెవి కొంచెం ఆగి చూస్తుంది. ఏమీ రాదు.

ఆ ఆల్బమ్ జాబితాలో ఉంది. తీసేయాలని రెండుసార్లు అనుకున్నాను. మంచి పాటలు, వాటి తప్పేముంది.

పుస్తకాలు తొందరగా చెబుతాను, ఎందుకంటే నేను అప్పుడు తక్కువ చదివాను. 2000లో వచ్చిన జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ మా హాస్టల్లో చేతులు మారుతూ తిరిగింది, అట్ట లేకుండా. వీధినాటకం కట్టే ఎల్లన్న ఆ నవలలో ఉన్నాడు. మా నాయిన నాటకాన్ని పండితుల పద్యాల వైపు నుంచే చూసిన నాకు, ఆడేవాళ్లలో కూడా ఎవరు అరుగు ఎక్కగలరు, ఎవరు ఎక్కలేరు అనే లెక్క ఉంటుందని ఆ నవలే చెప్పింది. మా ఊరి రాయబారంలో మాల, మాదిగ వీధుల నుంచి ఒక్క వేషం లేదని అప్పుడు గుర్తొచ్చింది. డప్పు మాత్రం వాళ్లే కొట్టారు. నాయినను అడిగితే “అట్లనే ఉండె” అన్నాడు, ఇంకేం అనలేదు. నేను కూడా ఇంకేం అడగలేదు.

రెండోది గడియారం రామకృష్ణశర్మ గారి ‘శతపత్రము’. ఆలంపురం ఆయన. ఆ ఆత్మకథకు 2007లో సాహిత్య అకాడమీ వచ్చింది, అప్పటికి ఆయన లేరు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. చిన్నప్పుడు ఆ గుడి ముందు ఆడుకున్నాను, ఇంకో చోటి నుంచి వచ్చిన గుడి అని తెలియకుండానే. శాసనాలు వెతుక్కుంటూ, చదువుకుంటూ బతికిన మనిషి రాసింది చదివాకే మా పక్క ఊరు నాకు కొత్తగా కనపడింది. భాష కొంచెం పాత పద్ధతి. పట్టు వదలకుండా చదువు. నవ్వుకోవడానికి మధ్యలో ఖదీర్‌బాబు ‘పోలేరమ్మబండ కతలు’ పెట్టుకో.

2009 అక్టోబరు 2. నేను అప్పటికి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాను. తుంగభద్ర సుంకేసుల మీద నుంచి దూకింది. రాజోలి మునిగింది, ఆలంపురం మునిగింది, అవతల కర్నూలు మునిగింది. రెండు రోజులు ఫోన్లు లేవు. టీవీలో కర్నూలు వీధులే చూపిస్తున్నారు. అమ్మా నాయిన మెట్ట మీదికి పోయి బతికారని మూడో రోజు తెలిసింది.

నేను పోయేసరికి మగ్గం గుంత నిండా ఒండ్రు. నాయిన ముందు వెతికింది మగ్గం మీద సగం నేసిన చీర కోసం. పట్టు షావుకారుది, లెక్క చెప్పాలి. తర్వాత గిన్నెలు, బియ్యం డబ్బా. కేసెట్ల పెట్టె నాలుగో రోజు దొరికింది, వేరే వాళ్ల గోడ పక్కన. నేను అన్నీ నీళ్లతో కడిగి, టేపు బయటికి లాగి దండెం మీద ఆరేశాను. అలా ఆరేయకూడదట. గద్వాలలో రిపేరు షాపాయన చూసి, ఇది ఇంక పని చేయదు, ఊరికే డబ్బులు తీసుకోను అన్నాడు. మంచివాడు. నేను అక్కడే నిలబడిపోతే నాయిన వచ్చి భుజం తట్టి, “పోతే పోనీరా. నాకు నోటికి వచ్చు గద” అన్నాడు.

నోటికి వచ్చు. నిజమే. అది 2009. నాయిన పోయింది 2016లో. మధ్యలో ఏడేళ్లు. ఆ ఏడేళ్లు నా జేబులో ఫోన్ ఉంది, అందులో రికార్డు చేసే బటన్ ఉంది. పిల్లల బర్త్‌డేలు తీశాను, ఆఫీసు వాళ్ల పార్టీలు తీశాను. నాయిన ముందు పెట్టి ‘ఒక పద్యం ఎత్తుకో’ అనలేదు. సిగ్గో, ఎప్పుడైనా తీయొచ్చులే అనో.

వరద తర్వాతి ఎండాకాలం వనపర్తిలో ధూంధాం పెట్టారు. డిసెంబరు 9 ప్రకటన, దాని మీద వెనక్కిపోవడం, అన్నీ అయిపోయి ఊరూరా దీక్షా శిబిరాలు నడుస్తున్న కాలం. నాయినను తీసుకుపోయాను. ఆయనకు రంగస్థలం అంటే తెర ఉండాలి, హార్మోనియం ఉండాలి. డప్పులూ గజ్జెలూ గొంగళ్లూ చూసి మొదటి గంట మొహం ముడుచుకునే కూర్చున్నాడు. “దరువు ఎక్కువ, రాగం తక్కువ” అన్నాడు, విమర్శకుడిలాగా. రాత్రి పన్నెండు దాటాక ఎవరో వలసల మీద పాట ఎత్తుకున్నారు. జనమంతా లేచారు. పక్కకు చూస్తే నాయిన కూడా లేచి నిలబడ్డాడు, కాలు మాత్రం మగ్గం తొక్కినట్టు కదులుతోంది. ధూంధాం వీడియోలు బోలెడు దొరుకుతాయి. చూడు. కానీ వాటిలో వేదికే కనపడుతుంది, ఎదురుగా నిలబడ్డవాళ్లు కనపడరు. నేను చూసింది వాళ్లను.

ఇదంతా రాసి పోయిన దసరాకు దానికి పంపాను. పది అడిగింది, లెక్క పెడితే తొమ్మిదో పదకొండో వచ్చాయి. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వాట్సాప్‌లో ఒక ఆడియో ఫైల్ వచ్చింది, పదకొండు నిమిషాలది. అది వాళ్లమ్మతో కలిసి రాజోలి పోయింది. ఎదురింటి అర్జునుడు ఇంకా ఉన్నాడు, డెబ్బై దాటాయి, చూపు మందగించింది. ఆయన్ని కూర్చోబెట్టి అడిగితే ముందు రానన్నాడట, తర్వాత చాయ్ తాగి ఎత్తుకున్నాడట.

తన పద్యాలు సగం మర్చిపోయాడు. మధ్యలో దగ్గు, వెనక కోళ్లు, ఎవరిదో మోటర్‌సైకిల్. ఏడో నిమిషం దగ్గర అర్జునుడు ఆగి, “ఇది మీ తాతది” అని కృష్ణుడి పద్యం అందుకున్నాడు. ఇరవై ఏళ్లు పక్కన నిలబడి విన్న పద్యం కదా. రాగం తీస్తూ తీస్తూ ఒక చోట ఆపాడు. “ఇగో, ఈడ ఇట్ల ఆపుతుండె మీ తాత. జనం సూడాలె అప్పుడు” అన్నాడు. ఆపి, ఇంకా కొంచెం ఆగి, అప్పుడు దించాడు. గొంతు వేరే. ఆ ఆగడం మాత్రం నాకు తెలుసు.

కింద ఒక మెసేజ్ ఉంది: “మామా, ఇది మన లిస్టుల పెట్టుకోవచ్చా? రికార్డ్ చేసిందైతే ఇప్పుడే గద.”

ఇంకా జవాబు పెట్టలేదు. ఆయనకు దుర్యోధనుడి పద్యాలు ఏమైనా గుర్తున్నాయేమో వచ్చే ఆదివారం మళ్లీ పోయి అడగమన్నాను.